పసివాని గాయము - ఇంటివారి చేయి

 

గ్రామపు లెక్కలు వ్రాసికొనువాడు వైద్యమును గూర్చి ప్రసంగించుట సాహసమే. అయినను ఈ గ్రంథాలయపు బీరువాలోని సుశ్రుతసంహితను తాత్పర్యసహితముగా చదివియు, దానిని నా యింట పాటింపని అపరాధిని గనుక ఆ సంగతి విన్నవించుకొనుచున్నాను.

మూడేండ్ల క్రిందట ఏడేండ్ల మా మనుమనికి పట్టణములో అపెండిక్సు శస్త్రచికిత్స జరిగినది. వైద్యులు తమ పని చక్కగా చేసిరి. ఇల్లు చేరిన నాలుగవనాడు కట్టు తడిసినదని నేనే విప్పితిని, చేయి కడుగుకొనలేదు. పలుకరింపునకు వచ్చిన పెద్దలొకరు విభూతి మంచిదనిరి, అదియు అద్దితిమి. రెండు దినములలో కుట్లచుట్టు ఎఱ్ఱబారి, చీముపట్టి, జ్వరము కాచెను. వాడు మరల పండ్రెండు దినములు ఆస్పత్రిలో నుండెను. "తాతయ్యా, నువ్వు ముట్టుకోవద్దు" అని వాడన్న మాట నాకింకను వినబడుచునే యున్నది.

సుశ్రుతుడు సూత్రస్థానము 19వ అధ్యాయమున, వ్రణముగలవాడు గోళ్లు, వెండ్రుకలు కురుచగా తీయించుకొని, శుచియై, తెల్లని వస్త్రము ధరింపవలెననెను. మాంసరక్తప్రియులగు నిశాచరులు వానిని సమీపింతురట! ఆ నిశాచరులే నేటి సూక్ష్మజీవులని వాదించువారు గలరు. నేనంత దూరము పోను. గోళ్ల మాట నాకు చాలును.

సూక్ష్మజీవుల సంగతి గాయముల విషయమున తేటపడినది ఒక బాలుని వలననే. 1865 ఆగస్టు 12న గ్లాస్గో నగరపు ఆస్పత్రికి జేమ్స్ గ్రీన్‌లీస్ అను పదునొకండేండ్ల వానిని తెచ్చిరి. బండిచక్రమెక్కి కాలెముక విరిగి, చర్మము చీలినది. ఆ దినములలో అట్టి గాయము చీముపట్టుట, కాలో ప్రాణమో పోవుట మామూలు. పాస్ట్యూరు పరిశోధనలు చదివియున్న జోసెఫ్ లిస్టరు కార్బాలికామ్లముతో తడిపిన గుడ్డను కట్టెను. నాలుగుదినములకు విప్పిచూడగా చీము లేదు. ఆరువారములకు ఎముక అతికినది.

2016లో ప్రపంచ ఆరోగ్యసంస్థ ప్రకటించిన సూచనలు మనబోంట్లకును అర్థమగును. శస్త్రచికిత్సకు ముందు స్నానము చేయింపవలెను. వెండ్రుకలను గొరుగరాదు, తప్పనిసరియైన కత్తిరింపవలెను. యాంటీబయాటిక్ అవసరమైనచో కోతకు ముందు రెండుగంటలలోపల ఇయ్యవలెను. నివారణకొఱకే యిచ్చినదానిని పిమ్మట పొడిగింపరాదు. ఇంకను మందు వ్రాయుడని వైద్యుని వేధించు మనము ఇది వినవలసియున్నది. శరీరమును చల్లబడనీయరాదు, పసివారు పెద్దలకంటె త్వరగా చల్లబడుదురు.

ఇంట మన వంతు స్వల్పమే: సబ్బుతో చేతులు కడుగుకొనుట, చెప్పినప్పుడే కట్టు మార్చుట, పిల్లవాని గోళ్లు తీయుట, పసుపో బూడిదయో అద్దకుండుట. నెలదినములలోపల వాపు, చీము, జ్వరము కనబడినచో ఆ పూటనే వైద్యుని చూడవలెను.

మొన్న వాని చెల్లెలి చేతికి కుట్లు పడినప్పుడు వాకిట నీళ్లచెంబు, సబ్బు పెట్టి గడపయొద్ద నేనే కూర్చుంటిని. వచ్చినవారిలో ఇద్దరు కోపించి వెనుదిరిగిరి. వారీ సభలోనే యున్నారు.