టై వెనక దారం

(ఉద్యోగుల కుటుంబ సమ్మేళనంలో చేసిన ప్రసంగ పాఠం)



ఇంటర్వ్యూకి అరువు టై కట్టుకుని వెళ్ళినవాళ్ళు ఈ హాల్లో చాలామందే ఉంటారు. నేనూ ఆ బాపతే. సర్వీసంతా టైని మెడకు ఉరి అనే అనుకున్నాను. రిటైరయ్యాక మా అల్లుడు ఇటలీలోని నేపుల్స్ నుంచి చేత్తో కుట్టిన పట్టు టై తెచ్చాడు. ధర విని, "ఈ డబ్బుతో ధర్మవరం చీర వచ్చేది" అంది మా ఆవిడ.

నేపుల్స్ ఈ పనికి పేరుపడ్డ ఊరు. అక్కడ 1914లో మొదలైన మారినెల్లా దుకాణం ఇరవై చదరపు మీటర్ల చిన్న కొట్టు. ఇప్పటికీ ఆ కుటుంబమే నడుపుతోంది.

ఇంతకీ ఆ టైలో ఏముంది? పట్టును ఐమూలగా, 45 డిగ్రీల కోణంలో కత్తిరిస్తారు. క్రాస్ కటింగ్ జాకెట్టు కుట్టించుకునే ఆడవాళ్ళకు నేను వేరే చెప్పక్కర్లేదు. గుడ్డ సాగుతుంది, మళ్ళీ సర్దుకుంటుంది. ఇలా కోసిన మూడు ముక్కలు కలిపే పద్ధతిని 1920ల్లో న్యూయార్క్‌లో జెస్సీ లాంగ్స్‌డార్ఫ్ తెచ్చాడు. లోపల ఉన్ని గుడ్డ పెట్టి, వెనక పొడుగునా ఒకే దారంతో వదులుగా కుడతారు. చివర కాస్త దారం మిగులుస్తారు. ముడి బిగిస్తే టై ఆ దారం మీద జరుగుతుంది, విప్పితే యథాస్థానానికి వస్తుంది. ఏడు మడతల టై అయితే పట్టునే లోపలికి మడుస్తారు. దానికి దాదాపు రెట్టింపు గుడ్డ పడుతుంది.

నా ఘనకార్యం వినండి. ఆ మిగిలిన దారాన్ని పిసరు దారమనుకుని కత్తిరించేశాను! నెల తిరక్కుండా వెనక కుట్టు ఊడిపోయింది. అల్లుడికి చెప్పే ధైర్యం లేక మా వీధి టైలర్ దగ్గరికి పట్టుకెళ్ళాను. ఆయన తిప్పి చూసి, "ఇది కోసే దారం కాదు సార్, దీని ప్రాణమే ఇది" అన్నాడు. మిషను పక్కన పెట్టి, సూది తీసుకుని గంటసేపు కుట్టాడు. రెండు వందలడిగాడు. అలవాటు కొద్దీ "నూట యాభై చేసుకో" అనబోయాను. పక్కనున్న మా ఆవిడ నా వంక ఒక్క చూపు చూసింది. రెండు వందలూ ఇచ్చేశాను.

నేపుల్స్ చేతిపనికి అడిగినంత ఇచ్చి, మన వీధి చేతిపనికి బేరమాడితే ఎలా చెప్పండి?

చివరగా ఒక్క మాట. టైని లాగి తీయకండి, కట్టిన వరసకి ఎదురుగా విప్పండి. ముడితోనే కొక్కేనికి తగిలించకండి. వెనక దారం కనిపిస్తే కత్తెర జోలికి పోకండి.