గులాబిలో ఎండుకొమ్మల కత్తిరింపు



పత్తి, మిరప చేల ప్రక్కన ఐదారు సెంట్లలో గులాబి పెంచువారు తరచుగా ఒక మాట అడుగుచుందురు: "కొమ్మలు కత్తిరించితిమి. చిగురు రాలేదు సరికదా, కోసిన చోటినుండి నల్లబడి మొక్కయే ఎండినది. కారణమేమి?"

శీతల దేశములలో గులాబి కొమ్మలు చలికాలపు మంచుకు చచ్చును. అచటివారు వసంతమున వాటిని కోసివేయుదురు. మన గుంటూరు, ప్రకాశం మైదానములలో అంతటి చలి లేదు. ఇచట కొమ్మను చంపునది ఎండుకొమ్మ తెగులు. మిరపలో కొమ్మయెండు మీరెరిగినదే. గులాబిలోను అట్లే కొననుండి క్రిందికి ఎండుచు వచ్చును. అయితే శిలీంధ్రము వేరు, దానిని డిప్లోడియా అందురు. ఇది కోసిన గాయమునుండి ప్రవేశించును. నల్లరేగడిలో నీరు నిలిచి వేళ్ళు బలహీనపడిన మొక్క త్వరగా లొంగిపోవును.

కావున మొదట చూడవలసినది అదను. అక్టోబరు, నవంబరు నెలలలో మనకు తుపాను వానలు తరచు. ముసురులో కత్తెర పట్టరాదు. వాన వెలిసి, నేల ఆరిన తరువాతనే కత్తిరింపవలెను. కత్తిరించిన ఆరేడు వారములకు పూలు వచ్చును గనుక, నవంబరు చివర కత్తిరించినచో సంక్రాంతికి అందును. ఆలస్యమైనచో పండుగ ధర పోవును. తొందరపడి వానలో కోసినచో మొక్కయే పోవును.

ఎండిన కొమ్మను ఎండిన చోటనే కోయరాదు. నల్లని భాగమునకు 5 సెంటీమీటర్లు క్రిందుగా, పచ్చని బెరడు ఉన్నచోట, బయటి వైపునకు చూచు కంటికి కొంచెము పైగా ఏటవాలుగా కోయవలెను. కోసిన చోట నడిమి బెండు తెల్లగా ఉన్నచో చాలును. గోధుమరంగు కనపడినచో ఇంకను క్రిందికి కోయవలెను. అంటు కట్టిన చోటికి క్రింద వచ్చు పిలకలను పెరికివేయవలెను. తెగులు మొక్కను కోసిన ప్రతిసారి కత్తెరను స్పిరిటుతో తుడువవలెను. కోసిన పుల్లలను తోటలో వదలక కాల్చివేయవలెను.

కోతలకు వెంటనే బోర్డో పేస్టు పూయవలెను. 100 గ్రాముల మైలుతుత్తమును అర లీటరు నీటిలోను, 100 గ్రాముల సున్నమును మరి అర లీటరు నీటిలోను, మట్టి లేక ప్లాస్టిక్ పాత్రలలో వేరువేరుగా కలిపి, రెంటిని మూడవ పాత్రలోనికి ఒకేసారి పోయుచు కలుపవలెను. అందులో ముంచిన ఇనుప బ్లేడుపై ఎర్రని పూత పట్టినచో సున్నము చాలలేదని గ్రహించి మరికొంత కలుపవలెను. ఏనాటి పేస్టు ఆనాడే వాడవలెను. మిగిలిన మొక్కపై లీటరు నీటికి 3 గ్రాముల కాపర్ ఆక్సీక్లోరైడు కలిపి చల్లవలెను. పాదులలో నీరు నిలువకుండ కాలువ తీయుట మరువరాదు.

ఇంత చేసినను తెగులు ఆగనిచో ఎండిన కొమ్మను తీసికొని గుంటూరు వైపువారు లాం, ప్రకాశం వైపువారు దర్శి కృషి విజ్ఞాన కేంద్రమునకు వెళ్ళి చూపుడు.