ఓవెన్‌లో అమెరికా జున్ను: ఈజీగా ఇంట్లోనే కస్టర్డ్ పై

ఇవాళ మనం కస్టర్డ్ పై చేసుకుందాం. గుడ్లు, పాలు, పంచదార, మైదా, వెన్న... దాదాపు అంతే. ఇంతవరకు ఓవెన్ ముట్టుకోనివాళ్ళు కూడా ధైర్యంగా మొదలుపెట్టొచ్చు.

ఇక్కడ అమెరికాలో అపార్ట్‌మెంట్ అద్దెకు తీసుకుంటే సాధారణంగా ఓవెన్ ఉంటుంది. కానీ మన తెలుగు స్టూడెంట్స్ ఇళ్ళల్లో అది ఓవెన్ కాదండీ, అల్మారా! దోసె పెనం, మూకుడు, ప్లాస్టిక్ డబ్బాలు అన్నీ అందులోనే. నవ్వకండి, మీ ఇంట్లోనూ అంతే కదా? అందుకే మొదటి స్టెప్ ఏంటంటే, ఆన్ చేసే ముందు తలుపు తీసి లోపలున్నవన్నీ బయట పెట్టేయండి. లేకపోతే ప్లాస్టిక్ కరిగి ఇల్లంతా పొగే.

మన ఊళ్ళో కస్టర్డ్ అంటే పొడి, పాలు, పైన పళ్ళ ముక్కలు. ఆ పొడిలో గుడ్డు ఉండదు, ఉండేది ముఖ్యంగా కార్న్‌ఫ్లోర్. 1837లో ఇంగ్లండ్‌లోని బర్మింగ్‌హామ్‌లో ఆల్‌ఫ్రెడ్ బర్డ్ అనే ఆయన, భార్యకి గుడ్లు పడవని ఆ పొడి తయారుచేశాడు. అసలు కస్టర్డ్‌ని గట్టిపరిచేది మాత్రం గుడ్డే. మన జున్ను గుర్తు తెచ్చుకోండి. జున్నుపాలలో ఉన్న ప్రొటీన్ ఆవిరికి గడ్డకట్టి ముక్కలుగా కోసేంత గట్టిపడుతుంది. ఇక్కడ ఆ పని గుడ్డు చేస్తుంది. మనకి మిరియాలు, యాలకులు ఎలాగో, వీళ్ళకి జాజికాయ అలాగ.

ముందు కింద ఉండే క్రస్ట్ చేద్దాం. ఒకటింపావు కప్పు మైదా, చిటికెడు ఉప్పు, ఫ్రిజ్‌లోంచి అప్పుడే తీసిన వెన్న ఒక స్టిక్, అంటే సుమారు 113 గ్రాములు. ఇండియాలో ఉన్నవాళ్ళు 100 గ్రాముల అమూల్ బటర్ ప్యాకెట్ వాడండి, అందులో ఉప్పు ఉంటుంది కాబట్టి మళ్ళీ వేయొద్దు. వెన్నని చిన్న ముక్కలు చేసి మైదాలో వేళ్ళ కొసలతో నలపండి. పూర్తిగా కలిసిపోకూడదు, బఠాణీ గింజంత ముక్కలు అక్కడక్కడ కనిపించాలి. ఆ ముక్కలే ఓవెన్‌లో కరిగి, వాటిలోని నీళ్ళు ఆవిరై పొరలు పొరలుగా వస్తుంది. తర్వాత ఐస్ నీళ్ళు మూడు నాలుగు టేబుల్ స్పూన్లు చల్లి ముద్ద చేయండి. చపాతీ పిండిలా పిసకొద్దు, పిసికితే క్రస్ట్ సాగుతుంది. అరగంట ఫ్రిజ్‌లో పెట్టి, కాస్త మందంగా వత్తి, 9 అంగుళాల పై ప్లేట్‌లో పరచండి. ఇదంతా వద్దనుకుంటే షాపులో ఫ్రోజెన్ క్రస్ట్ దొరుకుతుంది, లోతుగా ఉన్నది తెచ్చుకోండి.

క్రస్ట్‌ని ముందే కాల్చాలి, లేకపోతే కింద పచ్చిపచ్చిగా, తడితడిగా ఉంటుంది. దాని మీద బేకింగ్ పేపర్ వేసి, బరువుకి రాజ్మా గానీ బియ్యం గానీ నింపి, 200 డిగ్రీల సెల్సియస్‌లో 15 నిమిషాలు పెట్టండి. అమెరికా ఓవెన్‌లో అయితే 400 ఫారెన్‌హీట్. తర్వాత పేపర్, గింజలు తీసేసి ఇంకో 7, 8 నిమిషాలు, లేత బంగారు రంగు వచ్చేదాకా.

ఈలోగా కస్టర్డ్. రెండు కప్పుల చిక్కటి పాలు వేడిచేయండి, మరగనివ్వొద్దు. గిన్నెలో 4 గుడ్లు, అర కప్పు పంచదార, చిటికెడు ఉప్పు, ఒక టీస్పూన్ వెనీలా వేసి కలపండి. నురుగు వచ్చేలా గిలక్కొట్టకండి, బుడగలు పైకి తేలతాయి. వేడి పాలు సన్నటి ధారగా పోస్తూ కలుపుతూ ఉండండి. ఒక్కసారిగా పోస్తే గుడ్డు ఉడికి పొరటులా అయిపోతుంది. టీ జల్లెడతో వడగట్టి, క్రస్ట్‌లో పోసి, పైన జాజికాయ తురమండి. ఓవెన్ 160 డిగ్రీలకి, అంటే 325 ఫారెన్‌హీట్‌కి తగ్గించి పెట్టేయండి. 35 నుంచి 45 నిమిషాలు పడుతుంది.

ఇది కాలుతుండగా ఒక మాట చెప్తాను. నేను ఎం.ఎస్.కి వచ్చిన మొదటి ఏడాది, సెలవులకి ఇంటికెళ్ళడానికి టికెట్ డబ్బులు లేవు. బిల్డింగ్ అంతా ఖాళీ అయిపోయింది. అప్పుడు పక్క అపార్ట్‌మెంట్‌లో ఒంటరిగా ఉండే పెద్దావిడ తలుపు కొట్టి కస్టర్డ్ పై ఇచ్చింది. మన దగ్గర ఖాళీ గిన్నె తిరిగి ఇవ్వరు కదా, ఆ ప్లేట్‌లో పులిహోర పెట్టి ఇచ్చాను. మర్నాడు ఆవిడ నన్ను తన వంటింట్లోకి పిలిచి ఈ పై నేర్పింది. సెలవులు అయ్యేదాకా ఇద్దరిలో ఎవరమూ ఒంటరిగా భోంచేయలేదు. ఊరు కాని ఊళ్ళో ఉన్నవాళ్ళకి చెప్తున్నాను, ఒక ప్లేటు పట్టుకుని తలుపు కొట్టడం చిన్న పనేం కాదండీ.

ఆవిడ పదే పదే చెప్పింది ఒకటే, "మధ్యలో వణుకుతుండగానే తీసెయ్" అని. మొత్తం వంటకం ఆ మాటలోనే ఉంది. 35 నిమిషాలు కాగానే ప్లేట్‌ని మెల్లగా కదిపి చూడండి. అంచులు గట్టిపడి, మధ్యలో రెండంగుళాల మేర జెల్లీలా వణకాలి. నీళ్ళలా అలలు వస్తే ఇంకా అవ్వలేదు, 5 నిమిషాలకోసారి చూస్తూ ఉండండి. అసలు కదలకపోతే మాత్రం ఎక్కువైపోయినట్టే. బయటికి తీశాక కూడా లోపలి వేడికి ఉడుకుతూనే ఉంటుంది కాబట్టి, పూర్తిగా గట్టిపడేదాకా ఆగకూడదు. వంటింటి థర్మామీటర్ ఉంటే మధ్యలో 77 నుంచి 80 డిగ్రీల సెల్సియస్ చూపించగానే తీసేయండి. వేడి మరీ పెరిగితే ప్రొటీన్ బిగుసుకుపోయి నీళ్ళు వదిలేస్తుంది, విరిగిన పాలలా అవుతుంది. మనవాళ్ళు భయపడే నీచు వాసన కూడా గుడ్డు ఎక్కువ ఉడికినప్పుడే ఎక్కువ తెలుస్తుంది.

తీశాక వెంటనే కోయొద్దు. గంటన్నర చల్లారనిచ్చి, తర్వాత ఫ్రిజ్‌లో ఇంకో రెండు మూడు గంటలు ఉంచండి. అప్పుడు ముక్క నీట్‌గా వస్తుంది. గుడ్లు, పాలు ఉన్నాయి కాబట్టి రాత్రంతా బయట వదలకండి. ఫ్రిజ్‌లో ఉంచి మూడు రోజుల్లో తినేయండి.

గుడ్డు తినని ఫ్రెండ్ ఉంటే, క్రస్ట్ ఒక్కటీ పూర్తిగా కాల్చేసి, రెండు కప్పుల పాలల్లో 4 టేబుల్ స్పూన్ల కస్టర్డ్ పొడి, పంచదార వేసి చిక్కగా ఉడికించి, అందులో పోసి ఫ్రిజ్‌లో పెట్టండి. రుచి వేరే, కానీ అదీ బావుంటుంది.

ఇక ఈ వీకెండ్ మీ ఓవెన్ ఖాళీ చేసేయండి. ఒక ముక్క మీరు తినండి, ఇంకో ముక్క పక్కింటివాళ్ళకి ఇవ్వండి. ఎలా వచ్చిందో నాకు తప్పకుండా చెప్పండి. మళ్ళీ ఇంకో వంటతో కలుద్దాం, ఉంటానండీ, బై!