ఒక్క ప్యాకేజీ కోసం సైట్ మొత్తం పడగొట్టాను: సెంట్‌ఓఎస్ 7లో యమ్ ఎర్రర్

టెక్కలి నుంచి మీ హోస్ట్‌ని. ఈ ఎపిసోడ్‌లో నేను చేసిన ఒక తప్పు చెప్తాను. లినక్స్ సర్వర్ చూసుకునే వాళ్లకి పనికొస్తుంది.

2024 అక్టోబర్, దసరా ముందు. పలాసలో జీడిపప్పు వ్యాపారం చేసే ఒక మావయ్య సైట్ నేనే చూస్తుంటాను. కొత్త ప్యాకెట్ల ఫొటోలు ఎక్కిస్తే చిన్న సైజు బొమ్మలు రావట్లేదు. చూస్తే సర్వర్‌లో బొమ్మల సైజు మార్చే ప్యాకేజీ లేదు. దాని పేరు పీహెచ్‌పీ-జీడీ. జీడిపప్పు సైట్‌కి జీడీ ఒక్కటే తక్కువైంది, నవ్వుకోండి.

రెండు నిమిషాల పనే కదా అని యమ్ ఇన్‌స్టాల్ పీహెచ్‌పీ-జీడీ కొట్టాను. స్క్రీన్ నిండా ఎర్రర్. చివరి లైన్‌లో "బేస్ రెపోకి సరైన బేస్ యూఆర్ఎల్ దొరకలేదు" అని ఉంది. కొంచెం పైన అసలు మాట ఉంది: మిర్రర్‌లిస్ట్ డాట్ సెంట్‌ఓఎస్ డాట్ ఆర్గ్ అనే హోస్ట్‌ని రిజాల్వ్ చేయలేకపోయాను అని.

రిజాల్వ్ అనే మాట కనపడగానే డీఎన్ఎస్ పోయిందనుకున్నాను. ఈటీసీలో రిజాల్వ్ డాట్ కాన్ఫ్ తెరిచి, ఉన్న అడ్రస్ తీసేసి గూగుల్‌ది, 8.8.8.8 పెట్టేశాను. మళ్లీ యమ్ కొట్టాను. అదే ఎర్రర్. ఈలోగా ఫోన్ మోగింది.

"ఏటి బాబూ, ఇందాక ఫొటోలే రానేదు, ఇప్పుడు సైటే నేదేటి?"

ఏం జరిగిందంటే, ఆ సైట్ డేటాబేస్ వేరే మెషిన్‌లో ఉంది. దానికి ఒక లోపలి పేరు ఉంది. ఆ పేరు హోస్టింగ్ వాళ్ల డీఎన్ఎస్‌కి మాత్రమే తెలుసు, గూగుల్‌కి తెలీదు. పండగ ఆర్డర్లు వచ్చే సాయంత్రం, సైట్ ఇరవై నిమిషాలు లేదు. ఫైల్ కాపీ కూడా తీసుకోలేదు నేను. మార్చే ముందు క్యాట్ కొట్టి చూశాను కాబట్టి పాత అడ్రస్ టెర్మినల్‌లో పైన ఉండిపోయింది, అదే బతికించింది.

మీ ఫోన్‌లో ఒక్క నంబర్ కలవకపోతే సిమ్ మార్చేస్తారా? ఇంకో నంబర్‌కి చేసి చూస్తారు. నేను ఆ పని చేయలేదు. పింగ్ గూగుల్ డాట్ కామ్ కొట్టి ఉంటే బాగానే అడ్రస్ వచ్చేది. పేర్లన్నీ తెలుస్తున్నాయి, ఆ ఒక్క పేరే తెలియట్లేదు. అంటే జబ్బు నా సర్వర్‌లో లేదు, ఆ పేరే ఇప్పుడు లేదు.

ఎందుకు లేదు? సెంట్‌ఓఎస్ 7 వచ్చింది 2014 జులైలో. దాని గడువు 2024 జూన్ 30తో అయిపోయింది. ఆ తర్వాత మిర్రర్‌లిస్ట్ పేరు తీసేశారు. ప్యాకేజీలు మాత్రం వాల్ట్ డాట్ సెంట్‌ఓఎస్ డాట్ ఆర్గ్‌లో దాచిపెట్టారు. మన యమ్‌కి ఆ సంగతి తెలీదు, పాత గుమ్మం దగ్గరే నిలబడి తలుపు కొడుతోంది.

కాబట్టి చేయాల్సింది ఇది. ఈటీసీలో యమ్ డాట్ రెపోస్ డాట్ డీ ఫోల్డర్‌ని ముందు కాపీ తీసుకోండి. సెంట్‌ఓఎస్-బేస్ ఫైల్‌లో మిర్రర్‌లిస్ట్ అని మొదలయ్యే లైన్ల ముందు హ్యాష్ పెట్టండి. బేస్‌యూఆర్ఎల్ లైన్ల ముందున్న హ్యాష్ తీసేసి, అందులో మిర్రర్ డాట్ సెంట్‌ఓఎస్ ఉన్నచోట వాల్ట్ డాట్ సెంట్‌ఓఎస్ అని మార్చండి. తర్వాత యమ్ క్లీన్ ఆల్, మళ్లీ ఇన్‌స్టాల్, చివర్లో వెబ్ సర్వర్ రీస్టార్ట్. జీపీజీ చెక్‌ని సున్నా చేయమని ఎవరైనా చెప్తే వినకండి. ప్యాకేజీ అసలుదో కాదో చూసేది అదే.

ఉబుంటు వాళ్లకీ ఇలాంటిదే ఉంటుంది. గడువు తీరిన వెర్షన్‌లో ఏపీటీ అప్‌డేట్ కొడితే 404 వస్తుంది, అవి ఓల్డ్-రిలీజెస్ అనే చోటికి వెళ్లిపోతాయి. లాక్ దొరకలేదు అనే ఎర్రర్ వేరే కథ. చాలాసార్లు వెనకాల ఆటోమేటిక్ అప్‌డేట్ నడుస్తుంటుంది, కాసేపు ఆగండి, లాక్ ఫైల్ డిలీట్ చేయకండి.

ఆ రాత్రి ఫొటోలు వచ్చాయి. మావయ్య ఖుషీ. నాకు మాత్రం నిద్ర పట్టలేదు. వాల్ట్‌లో ఉన్నది పాత సరుకు. 2024 జూన్ తర్వాత బయటపడే ఏ లోపానికీ అక్కడ ప్యాచ్ రాదు. ఆ సర్వర్‌లో కొన్నవాళ్ల పేర్లు, ఫోన్ నంబర్లు, ఇళ్ల అడ్రస్‌లు ఉన్నాయి. "నడుస్తోంది కదా బాబూ" అన్నారు మావయ్య. ఆయనకి ఇదంతా చెప్పి ఒప్పించడానికి యమ్‌తో పడ్డదానికన్నా ఎక్కువ టైమ్ పట్టింది.

చివరికి దీపావళి అయ్యాక కొత్త మెషిన్ తీసుకుని ఆల్మాలినక్స్ 9 వేశాను. దానికి 2032 దాకా సెక్యూరిటీ అప్‌డేట్లు ఉన్నాయి. పాత మెషిన్‌లో పీహెచ్‌పీ 5.4, కొత్తదాంట్లో 8. పాత కోడ్‌లో ఉన్న మైసీక్వెల్ ఫంక్షన్లు పీహెచ్‌పీ 7లోనే తీసేశారు, కాబట్టి డేటాబేస్‌తో మాట్లాడే ప్రతి లైనూ తిరగరాయాల్సి వచ్చింది. మూడు వారాలు. అది ఇంకో ఎపిసోడ్.

మీ సర్వర్‌లో ఏదైనా ఆగితే కామెంట్‌లో పెట్టండి. చివరి లైన్ ఒక్కటే కాకుండా మొదటి లైన్ నుంచీ పెట్టండి, పాస్‌వర్డ్‌లు తీసేసి. ఉంటాను.