కంప్యూటరునుండి శక్తి నింపుకొను బ్యాటరీ సెల్లు
(ఒక గ్రామసభయందు చేసిన ప్రసంగ పాఠము)



నేడు మేము మీ ముందుంచదలచినది మిక్కిలి చిన్న వస్తువు. వ్రేలికంటె పెద్దది కాదు. టార్చిలైటులోను, రేడియోలోను మనము వేసెడి పెన్సిల్ సెల్లే అది. అయితే శక్తి ఉడిగినపుడు దీనిని పారవేయనక్కరలేదు. పాఠశాలలోని కంప్యూటరునకో, ఇంటనున్న ఫోను చార్జరునకో తగిలించినచో మరల శక్తి నింపుకొనును.

ఫ్రాన్సు దేశీయుడైన జార్జి లెక్లాంషె 1866లో నిర్మించిన ఘటమే సాధారణ టార్చి సెల్లునకు మూలము. అందలి జింకు కరగుకొలది శక్తి తరుగును. అట్టి సెల్లును మరల నింపుట తగదు. స్వీడను దేశీయుడు వాల్డెమార్ యుంగ్నర్ 1899లో నికెలు, కాడ్మియము లోహములతో మరల నింపదగిన సెల్లును చేసెను. కాని అట్టివానికి ప్రత్యేకమైన చార్జరు కావలసి వచ్చెను. 1996లో కంప్యూటర్లకు యు.ఎస్.బి. అను ద్వారము ఏర్పడెను. అది సమాచారమును చేరవేయుటయే గాక 5 వోల్టుల విద్యుత్తును గూడ ఇచ్చును. 2006లో ఇంగ్లండునందలి మొయిక్సా సంస్థవారు, మూత తీసి నేరుగా ఆ ద్వారమున గ్రుచ్చదగిన సెల్లును విక్రయమునకు తెచ్చిరి.

నేడు అంగళ్లలో దొరకు ఇట్టి సెల్లులలో హెచ్చుభాగము లిథియము రకము. వీని ప్రక్కనో, తలపైననో ఫోను తీగ పట్టునంతటి చిన్న రంధ్రముండును. లోపలి లిథియము ఘటము సుమారు 3.7 వోల్టులు కలది. దానిని ఒక చిన్న యంత్రాంగము 1.5 వోల్టులకు దించి వెలుపలికి పంపును. పాతదైన నికెల్ హైడ్రైడు రకము 1.2 వోల్టులు మాత్రమే ఇచ్చును.

ఖర్చు మాట ఏమని మీరడుగవచ్చును. పెన్సిల్ సెల్లు ఒకటి నిండుటకు సుమారు 4 వాట్‌గంటలు పట్టును. ఒక యూనిట్ కరెంటు 1000 వాట్‌గంటలు. అనగా ఒక్క యూనిట్‌తో సుమారు 200 పర్యాయములు నింపవచ్చును. కాని కొనువెల సాధారణ సెల్లుకంటె పలురెట్లు హెచ్చు. కావున దినదినము వాడు టార్చికి ఇది లాభము. ఏడాదికొక సెల్లుతో నడచు గోడ గడియారమునకు సాధారణ సెల్లే చాలును.

ఇక ముఖ్యమైన మాట. గడచిన వానకాలమున మేమొక రైతు వెంట రాత్రివేళ మోటారు వేయుటకు గట్టు మీదుగా పోయితిమి. చేతిలో ఇట్టి సెల్లుల టార్చి. నడి గట్టున దీపము ఒక్కసారిగా ఆరిపోయెను. సాధారణ సెల్లైనచో వెలుగు క్రమముగా మందగించి, మనకు ముందుగనే తెలియజేయును. లిథియము సెల్లు తుదివరకు 1.5 వోల్టులనే నిలిపి, పిమ్మట హఠాత్తుగా ఆగును. కట్లపాము తిరుగునది రాత్రియందే గదా! అవతలి పొలమువారు దీపము తెచ్చువరకు మేమిరువురము కాలు కదపక నిలిచితిమి. తప్పు సెల్లుది కాదు. దాని స్వభావమెరుగక, నింపకయే బయలుదేరిన మాది. కావున పొలమునకు పోవుటకు ముందే సెల్లులు నింపుకొనుడు. నింపిన మరియొక జత వెంట నుంచుకొనుడు.

రేడియో వినువారికొక సూచన. లిథియము సెల్లులోని యంత్రాంగము మీడియం వేవు కేంద్రములలో గురగుర ధ్వని కలిగింపవచ్చును. అట్టిచో నికెల్ రకము వాడుట మేలు.

కొన్ని జాగ్రత్తలు మరువరాదు. సాధారణ సెల్లును ఎన్నడును చార్జరులో పెట్టకూడదు. అది కారవచ్చును, పగులవచ్చును. నికెల్ సెల్లుల చార్జరులో లిథియము సెల్లు నుంచరాదు. పాతవానిని, క్రొత్తవానిని కలిపి వేయరాదు. పరుపుపైన గాని, గడ్డివామి చెంత గాని నింపరాదు. ఉబ్బిన, వేడెక్కిన సెల్లును వెంటనే మానివేయవలెను.

తుదకు, ఏ సెల్లు గాని శాశ్వతము కాదు. కొన్ని వందల పర్యాయములు నింపిన పిమ్మట దాని సత్తువ తగ్గును. అపుడు దానిని పొయ్యిలో వేయకూడదు, పెంటలో కలుపకూడదు. 2022లో కేంద్రప్రభుత్వము చేసిన బ్యాటరీ వ్యర్థముల నియమముల ప్రకారము, వాడిన సెల్లులను తక్కిన చెత్తనుండి వేరుచేసి అప్పగించుట మన విధి. వానిని సేకరించి శుద్ధిచేయించుట ఉత్పత్తిదారుల విధి. పంచాయతీ కార్యాలయమున ఒక పెట్టె యుంచి, ఊరి పాత సెల్లులన్నియు అందు చేర్చినచో పని సులభమగును. పిల్లలు ఆడుకొను చోట ఒక్క సెల్లు గూడ మిగులదు.

వస్తువు చిన్నదే. దాని గుణమును, దోషమును ఎరిగి వాడినవాని చేతిలో అది వెలుగగును. నేటి రాత్రి పొలమునకు పోవువారు ఇంటికి చేరగనే మొదట టార్చి చూచుకొందురని ఆశించుచు, సెలవు తీసికొనుచున్నాము.