హ్యాండిల్ ఎత్తుకుందాం, నడుము కాపాడుకుందాం
(బంగారపేట కార్మికుల సమావేశంలో యూనియన్ కార్యదర్శి ప్రసంగ పాఠం)



ఈరోజు మనం మాట్లాడుకోబోయేది జీతం గురించి కాదు, బోనస్ గురించి కాదు. సైకిల్ హ్యాండిల్ గురించి. ఇదేం యూనియన్ విషయమని నవ్వకండి. ఎనిమిది గంటలు రింగ్ ఫ్రేమ్ దగ్గర నిలబడి, తెగిన పోగు అతకడానికి పదేపదే వంగి, గేటు దాటాక మళ్లీ సైకిల్ మీద వంగితే నడుము ఏం కావాలి? మెడ పట్టేయడం, అరచేతులు నొప్పిపెట్టడం, చిటికెన వేలు, ఉంగరపు వేలు తిమ్మిరెక్కడం అన్నీ మిల్లు వల్లే అనుకుంటాం. అందులో సైకిల్ వంతు కూడా ఉంది.

2001 ఫిబ్రవరి 28న బంగారు గనులు మూతపడ్డాక, కోలార్ బంగారు గనుల ప్రాంతం నుంచి ఎందరో పనికోసం బెంగళూరు రైలెక్కడం మొదలుపెట్టారు. మారికుప్పంలోనో, ఊరిగాంలోనో, బంగారపేటలోనో రైలు పట్టుకోవాలి. ఇంటి నుంచి స్టేషనుకు, అక్కడ దిగాక పని దగ్గరికి మళ్లీ దూరమే. మడిచి వెంట తీసుకెళ్లవచ్చని కొందరు మడత సైకిళ్లు కొంటున్నారు. పొడుగువాడికీ, పొట్టివాడికీ, ఆడవారికీ, మగవారికీ ఒకటే సైకిల్. దాన్ని మన ఒంటికి సరిపెట్టుకోవడం మన చేతిలో పని.

ముందు సీటు చూడండి. పెడల్ అడుగున ఉన్నప్పుడు దాని మీద మడమ పెడితే కాలు దాదాపు నిటారుగా రావాలి. తర్వాతే హ్యాండిల్. మొదట సీటు ఎత్తుకు సమంగా పెట్టండి. భుజాలు వదులుగా, మోచేతులు కొంచెం వంగి ఉంటే చాలు. చాలకపోతే అర అంగుళం చొప్పున ఎత్తి, రెండు రోజులు తొక్కి చూడండి.

చాలా మడత సైకిళ్లలో హ్యాండిల్ నిలువు గొట్టంలో ఇంకో గొట్టం జారుతుంది. లీవరు విప్పి, ఎత్తి, బిర్రుగా బిగించాలి. కొన్నింటిలో ఎత్తు మారదు. అప్పుడు హ్యాండిల్ పట్టిన బోల్టు వదులు చేసి, పిడులు మనవైపు వచ్చేలా కొంచెం తిప్పాలి. బ్రేకు పిడులను కూడా వేళ్లకు అందేలా సర్దాలి. అదీ చాలకపోతే పైకి లేచిన హ్యాండిల్ వేయించుకోవాలి.

మామూలు పెద్ద సైకిల్‌కైతే పైనున్న బోల్టును రెండు మూడు చుట్లు విప్పి, చెక్క ముక్క పెట్టి సుత్తితో తట్టితే లోపలి పట్టు వదులుతుంది. కడ్డీ బ్రేకులుంటే ముందు వాటి నట్లు వదులు చేయండి. లేకపోతే హ్యాండిల్‌తో పాటు కడ్డీ లేచి బ్రేకు పట్టేస్తుంది.

ఇక్కడ ఒక హెచ్చరిక. గొట్టం మీద హద్దు గీత ఉంటుంది. అది బయటికి కనబడితే ఎక్కువ ఎత్తినట్టే. పెద్ద సైకిల్ పాత గొట్టానికి గీత లేకపోతే కనీసం రెండున్నర అంగుళాలు లోపల ఉండాలి. అంతకు మించి ఎత్తితే దారిలో విరిగి, మనిషి ముందుకు పడతాడు. బిగించాక ముందు చక్రాన్ని మోకాళ్ల మధ్య పట్టి హ్యాండిల్ తిప్పి చూడండి, జారకూడదు. రెండు వైపులా పూర్తిగా తిప్పినా బ్రేకు తీగలు లాగకూడదు. మడత సైకిల్ అయితే ఒకసారి మడిచి కూడా చూడండి. నిటారుగా కూర్చుంటే ఎదురుగాలి ఎక్కువ తగులుతుంది, సీటు మీద బరువూ పెరుగుతుంది. స్ప్రింగులున్న వెడల్పు సీటు మేలు.

సోదరులారా! సైకిల్ హ్యాండిల్ ఎత్తడానికి ఒక పానా చాలు. మిల్లులో మెషీను దగ్గర వంగే నడుముకు పానా చాలదు, యూనియన్ కావాలి. నిలబడి పనిచేసేవారికి పని మధ్యలో వీలు దొరికినప్పుడు కూర్చునే ఏర్పాటు ఉండాలని 1948 నాటి ఫ్యాక్టరీల చట్టం 44వ సెక్షన్‌లోనే రాశారు. మీ డిపార్టుమెంటులో బల్ల ఉందా, లేదా? చూసి రాసి మాకివ్వండి. ఆ జాబితాతో మేనేజ్‌మెంటును అడుగుదాం.

వచ్చే ఆదివారం యూనియన్ ఆఫీసు ముందు పానాలు, అలెన్ కీలు పెడతాం. సైకిళ్లు తీసుకుని రండి. ఇంట్లో ఆడపిల్లల సైకిళ్లు కూడా తెండి.

కార్మికుల ఐక్యత వర్ధిల్లాలి!