ఒక్క ‘యు’ తేడా
బడిలో ‘కలర్’ అని ఇంగ్లీషులో రాస్తే ‘ఓ’ పక్కన ‘యు’ ఉండాల్సిందే. లేకపోతే మాస్టారు ఎర్రసిరాతో సున్నా చుట్టేవారు. ఆ ‘యు’ని అమెరికాలో ఎగరగొట్టిన ఘనత ఎక్కువగా నోవా వెబ్‌స్టర్‌ది. 1828 నాటి ఆయన నిఘంటువుతో ఆ పొదుపు స్థిరపడింది. నాలుక అనే అర్థమున్న ‘టంగ్’ని టి-యు-ఎన్-జి అని రాయమన్నాడు కూడా. అది మాత్రం ఎవరూ వినలేదు.

‘యు’ ఉన్నా లేకపోయినా మనుషులు ‘కలర్’ని ఒకే మాటగా చదువుకుంటారు. ఇంటర్నెట్‌కు ఆ ఉదారత లేదు. వెబ్‌సైట్ పేరులో ‘యు’ ఉంటే ఒక చిరునామా, లేకపోతే ఇంకొకటి; రెండోది మరొకరు కొనేసుకోవచ్చు. అందుకే ముందుచూపున్నవాళ్లు రెండూ కొని, ఒకదాన్నుంచి రెండోదానికి దారి మళ్లిస్తారు. లండన్ గిరాకీ కోసమైతే ‘యు’ ఉంచుకోవడమే నయం.

తమాషా ఏమిటంటే, వెబ్ పేజీలకు రంగులద్దే సిఎస్ఎస్ ‘కలర్’ని అమెరికా పద్ధతిలోనే ఒప్పుకుంటుంది. బూడిదరంగు ‘గ్రే’ని మాత్రం రెండు పద్ధతుల్లో ఎలా రాసినా సరేనంటుంది.